సముద్రాన్నీ వేటనీ ఒకే లెక్కలో చూడటం: విశాఖ తీరానికి చిన్న డిజిటల్ నమూనా కట్టే పద్ధతి

ఏటా ఏప్రిల్ 14 అర్ధరాత్రి దాటేసరికి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మర పడవలన్నీ లంగరు వేసుకుని ఉంటాయి. అవి మళ్లీ కదిలేది జూన్ 14 గడిచాకనే. తూర్పు తీరంలో అంతకు ముందు 47 రోజులుగా ఉన్న ఈ వేట నిషేధం 2015లో 61 రోజులైంది. పెరిగిన ఆ రెండు వారాల వల్ల సముద్రంలో చేప ఎంత మిగిలింది, మిగిలిన చేప ఎవరి వలలో పడింది, వేట లేని రోజుల్లో ఇల్లు ఎలా గడిచింది అన్న మూడు ప్రశ్నలకు ఒకేచోట జవాబు దొరకదు. చేపల లెక్క శాస్త్రవేత్త దగ్గర, పడవల లెక్క మత్స్యశాఖ దగ్గర, అప్పుల లెక్క జాలరి ఇంట్లో ఉంటాయి. ఈ మూడింటినీ ముడివేసి, ఫలానా నియమం మారిస్తే ఏమవుతుందో కంప్యూటరులో ముందుగా చూసుకునే సాధనమే సముద్ర సామాజిక-పర్యావరణ వ్యవస్థ నమూనా.

మత్స్యశాస్త్ర విద్యార్థులను, మత్స్యశాఖలో పనిచేసేవారిని, తీర గ్రామాల్లో తిరిగే స్వచ్ఛంద సంస్థల వారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మొదటి నమూనాకు ఎక్సెల్ తెలిస్తే చాలు. ప్రోగ్రామింగ్ అవసరం తరువాత వస్తుంది.

మొదట ప్రశ్నను ఒక వాక్యంలో రాసుకోండి

"విశాఖ సముద్రం మొత్తానికీ నమూనా కట్టాలి" అనుకుని మొదలుపెట్టిన పని సాధారణంగా పూర్తికాదు. ఎవరో ఒకరు తీసుకోవలసిన నిర్ణయమే మీ ప్రశ్న కావాలి. "నిషేధాన్ని 61 రోజులుగా ఉంచడమా, పడవల సంఖ్యకు పరిమితి పెట్టడమా, రెండూ చేయడమా?" అన్నది మంచి ప్రశ్న, ఎందుకంటే దానికి జవాబు దొరికితే వాడుకోగలిగే అధికారి ఉన్నాడు, ఆ జవాబు వల్ల లాభమో నష్టమో పొందే మనుషులు ఉన్నారు. ఈ వ్యాసమంతా ఇదే ప్రశ్నను పట్టుకుని నడుస్తుంది.

హద్దులు గీయండి

సముద్రం మీద గీతలు గీయడం కష్టమే అయినా కొన్ని గీతలను చట్టమే గీసింది. ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం 1994లో వచ్చింది. దాని కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు ఉన్న నీరు సంప్రదాయ పడవలది, మర పడవలు ఆ అవతల వేటాడాలి. అందువల్ల మీ పటంలో కనీసం రెండు గదులు ఉండాలి: 8 కిలోమీటర్ల లోపల ఒకటి, వెలుపల ఒకటి. ఈ గీత కాగితానికే పరిమితమైనది కాదు. 2022 జనవరిలో విశాఖ తీరంలో రింగు వలల (చేపల గుంపును చుట్టుముట్టి పట్టే పెద్ద వలల) వారికీ సంప్రదాయ వలల వారికీ మధ్య జరిగిన గొడవ పడవలు తగలబడేదాకా వెళ్లింది. రింగు వల ఎంత దూరంలో వేయవచ్చన్నదే ఆ తగవులో ముఖ్య విషయం. కాబట్టి నమూనాలో పడవలన్నిటినీ కలిపి ఒకే అంకెగా రాస్తే అసలు సమస్యే కనిపించకుండా పోతుంది.

మరి విశాఖ మర పడవలు విశాఖ నీటిలోనే ఉంటాయా అంటే, ఉండవు. రొయ్య కోసం అవి ఒడిశా దాటి ఉత్తరానికి వెళ్లడం పాత అలవాటు. ఇటు శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాల నుంచి యువకులు గుజరాత్‌లోని వెరావల్‌కు కళాసీలుగా (పడవ పనివారిగా) వలస వెళ్తారు. కాబట్టి హార్బర్‌లో దిగిన చేపంతా మీ హద్దులో పట్టినది కాదు, మీ హద్దులో పుట్టిన జాలరులంతా ఇక్కడే వేటాడరు. ఈ రెండు ప్రవాహాలను లెక్కలోకి తీసుకోలేకపోయినా సరే, పటం అంచున బాణం గుర్తులుగానైనా గీసి ఉంచండి. లేకపోతే ఆరు నెలల తరువాత ఆ విషయం మీరే మరిచిపోతారు.

కంప్యూటరు తెరవకముందు నేల మీద గీయండి

ఈ అడుగు దగ్గర తొందరపడవద్దు. ఒక పెద్ద కాగితం నేల మీద పరిచి, దాని చుట్టూ పడవ యజమానిని, సరంగును (పడవ నడిపేవాడిని), కళాసీని, చేపలమ్ముకునే స్త్రీలను, ఐసు ఫ్యాక్టరీ నడిపేవారిని కూర్చోబెట్టి, దేని వల్ల ఏది పెరుగుతుందో, ఏది తగ్గుతుందో బాణాలతో గీయమని అడగండి. పురుషులు చేప, వల, డీజిల్, గాలి అంటారు. స్త్రీలు ఐసు ధర, వేలంలో పెద్ద వ్యాపారుల పోటీ, ఎండుచేపలు ఆరబెట్టుకునే జాగా అంటారు. వీరిద్దరి పటాలనూ విడివిడిగా గీయించి తరువాత కలపడం మేలు, ఎందుకంటే ఒకేచోట కూర్చుంటే రెండో పటం మాటల్లోకే రాదు.

మా మొదటి నమూనాలో నిషేధపు 61 రోజులకూ పట్టును (పట్టిన చేప పరిమాణాన్ని) సున్నాగా రాశాము. ఒక పెద్దాయన ఆ పట్టికను చదివించుకుని విని, "తెప్పల వాళ్లం మేమేం తింటున్నామనుకున్నారు బాబూ, ఆ రెండు నెలలూ?" అని అడిగాడు. మోటారు లేని సంప్రదాయ పడవలకు నిషేధం వర్తించదు. అది మాకు చట్టపరంగా తెలిసిన విషయమే. అయినా ఎవరూ ఆ గడి దగ్గర ఆగి ఆలోచించలేదు.

దత్తాంశాలు సేకరించండి, కానీ వాటిని అనుమానించండి

దిగుబడి లెక్కలకు మీకు ముఖ్య ఆధారం కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ. ఎంపిక చేసిన రోజుల్లో, ఎంపిక చేసిన రేవుల్లో శాంపిల్ తీసుకుని ఈ సంస్థ జాతులవారీగా అంచనాలు వేస్తుంది. దానికి విశాఖలో ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. గ్రామాల లెక్కకు సముద్ర మత్స్యకారుల గణన ఉంది; 2010 గణన ప్రకారం రాష్ట్రంలో 555 సముద్ర మత్స్యకార గ్రామాలు ఉన్నాయి. సముద్రపు ఉష్ణోగ్రత, పచ్చనాచు పరిమాణం, అలల ఎత్తు కావాలంటే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం) దగ్గర ఉన్నాయి. చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాలను ఉపగ్రహ చిత్రాల ఆధారంగా జాలరులకు తెలియజేసేదీ ఈ సంస్థే. పడవల సంఖ్యకు మత్స్యశాఖ రిజిస్ట్రేషన్లను చూడండి. ధరలకు మాత్రం వేలం పాట దగ్గర కొన్నాళ్లు నిలబడవలసిందే.

వీటిలో అందరినీ తప్పుదారి పట్టించేది "పడవకు ఇంత పట్టు" అనే అంకె. పడవకు పడే చేప తగ్గలేదు కాబట్టి సముద్రంలో చేప తగ్గలేదని అనుకోవడం సహజం. 1992 జూలైలో కెనడా ప్రభుత్వం న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ అనే చేప వేటను ఆపేసినప్పుడు సుమారు 30 వేల మంది ఉపాధి పోయింది. అంతకు ముందు కొన్నేళ్లపాటు నిల్వ (సముద్రంలో ఉన్న చేప మొత్తం) బాగానే ఉందని లెక్కలు చెప్పడానికి ఒక కారణం ఇదే. మిగిలిన చేప గుంపులు కట్టిన చోటికే పెద్ద ట్రాలర్లు వెతుక్కుంటూ వెళ్లడంతో వాటి పట్టు తగ్గలేదు. తీరం దగ్గరి చిన్న పడవల వారికి మాత్రం చేప రావడం లేదని ముందే తెలిసింది, చెప్పారు కూడా. ఇప్పుడు మన పడవల్లోనూ జీపీఎస్, ధ్వనితో నీటి కింది చేపల గుంపులను చూపే ఎకోసౌండర్ ఉన్నాయి. 20 ఏళ్ల కిందటి పడవను, నేటి పడవను ఒకే యూనిట్‌గా లెక్కపెడితే మీ నమూనా పునాదిలోనే తప్పు ఉంటుంది.

సంఘటనల పట్టిక ఒకటి పక్కన పెట్టుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. 2020లో లాక్‌డౌన్ వచ్చింది, ఆ ఏడాది నిషేధాన్ని కూడా మే 31కే ముగించారు. ఇలాంటి ఏళ్లలో దిగుబడి పడిపోతే అది చేప తగ్గడం వల్ల కాదు, పడవ కదలకపోవడం వల్ల.

చేపల లెక్కను ఎక్సెల్‌లో వేయండి

ఒకే జాతితో మొదలుపెట్టండి, ఉదాహరణకు కానాగంతలు. సూత్రం ఇది:

వచ్చే ఏటి నిల్వ = ఈ ఏటి నిల్వ + పెరుగుదల − పట్టు
పెరుగుదల = వృద్ధి రేటు × నిల్వ × (1 − నిల్వ ÷ గరిష్ఠ నిల్వ)
పట్టు = పట్టే శక్తి × పడవల సంఖ్య × నిల్వ

ఇందులో గరిష్ఠ నిల్వ అంటే ఆ సముద్రం పోషించగల అత్యధిక చేప, పట్టే శక్తి అంటే ఏడాదిలో ఒక పడవ నిల్వలో పట్టే వాటా. కింది అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవే తప్ప కొలిచినవి కావు. గరిష్ఠ నిల్వ 10,000 టన్నులు, వృద్ధి రేటు 0.6, ఒక్కో పడవ పట్టే శక్తి 0.0004 అనుకోండి. నిల్వ 6,000 టన్నులు, పడవలు 600 అయితే పెరుగుదల 1,440 టన్నులు, పట్టు కూడా 1,440 టన్నులే. ఎన్నేళ్లయినా ఇది ఇలాగే సాగుతుంది, పడవకు 2.4 టన్నులు పడతాయి.

ఇప్పుడు పడవల సంఖ్యను ఒక్కసారిగా 1,000 చేసి చూడండి. మొదటి ఏడు పట్టు 2,400 టన్నులకు ఎగబాకుతుంది. ఆ ఏడాది హార్బర్‌లో ఎవరిని కదిపినా సంతోషంగానే ఉంటారు. కానీ నిల్వ 5,040కి దిగింది. రెండో ఏడు పట్టు 2,016, మూడో ఏడు సుమారు 1,810. ఇలా జారుతూ చివరికి 1,333 టన్నుల దగ్గర నిలుస్తుంది. అంటే 400 పడవలు అదనంగా తిరుగుతున్నా, మొత్తం పట్టు మునుపటి 1,440 కన్నా తక్కువే, పడవకు పడేది 1.33 టన్నులే. ఈ పట్టికను మీరే స్వయంగా గడి తరువాత గడిగా నింపండి. ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్ వాడబోతున్నా, మొదటి ఏటి పెరుగుదల ఎందుకు నమ్మదగినది కాదో చేత్తో ఒకసారి లెక్క వేసినవారికే తెలుస్తుంది.

వృద్ధి రేటు నిజానికి ఏటా ఒకేలా ఉండదు. మార్చి నుంచి మే వరకు తీరం వెంట వీచే గాలులకు అడుగు నీరు పైకి వచ్చి పోషకాలను తెస్తుంది. వానాకాలం తరువాత నదుల మంచినీరు పైన పొరలా పరచుకుని ఆ కలయికను అడ్డుకుంటుంది. ఇన్‌కాయిస్ అంకెలతో ఈ మార్పును వృద్ధి రేటుకు జోడించవచ్చు, కానీ అది రెండో విడత పని.

ఒక జాతి లెక్క కుదిరాక ఆహార వల వైపు వెళ్లండి. 1984లో జెఫ్రీ పొలోవినా హవాయి దగ్గరి పగడపు దిబ్బల కోసం రూపొందించిన ఎకోపాత్ పద్ధతి తరువాత ఎకోసిమ్‌తో (కాలంతో పాటు వచ్చే మార్పులను లెక్కించే భాగంతో) కలిసి ఉచిత సాఫ్ట్‌వేర్‌గా స్థిరపడింది. అందులో నెత్తళ్లు, కవళ్లు, రొయ్యలు, వంజరం వంటి గుంపులకు ఎవరు ఎవరిని తింటారో రాస్తారు. ఒక గుంపు ఏడాదిలో ఉత్పత్తి చేసేదానికన్నా తిన్నదీ పట్టినదీ కలిపి ఎక్కువగా తేలితే సాఫ్ట్‌వేర్ వెంటనే పట్టిస్తుంది. వంజరం తినే నెత్తళ్లు సముద్రంలో ఉన్న నెత్తళ్లకన్నా ఎక్కువని మీ పట్టిక చెబుతుంటే, తప్పు వంజరానిది కాదు కదా. ఆస్ట్రేలియాలో రూపొందిన అట్లాంటిస్ వంటి భారీ నమూనాలకు కొన్నేళ్ల పని, ఒక జట్టు కావాలి. మొదటి ప్రయత్నంలో వాటి జోలికి వెళ్లకండి.

మనిషిని లోపలికి తీసుకురండి

పై లెక్కలో పడవల సంఖ్యను మనమే వేశాము. నిజ జీవితంలో దాన్ని వేసేది లాభం. టన్ను ధర 1.2 లక్షల రూపాయలు, పడవకు ఏడాది ఖర్చు 1.5 లక్షలు అనుకోండి. లాభం ఉన్నంతకాలం కొత్త పడవలు దిగుతూనే ఉంటాయి, లాభం సున్నా అయినచోట ఆగుతాయి. లెక్క వేస్తే అది సుమారు 1,031 పడవల దగ్గర, 3,125 టన్నుల నిల్వ దగ్గర తేలుతుంది. అప్పుడు మొత్తం పట్టు 1,289 టన్నులు. ఇప్పుడు డీజిల్ రాయితీ ఇచ్చి ఖర్చును 1.2 లక్షలకు తగ్గించండి. పడవలు 1,125కి పెరుగుతాయి, నిల్వ 2,500కి, పట్టు 1,125 టన్నులకు తగ్గుతాయి, లాభం మళ్లీ సున్నాకే చేరుతుంది. జాలరికి మేలు చేయాలని ఇచ్చిన రాయితీ, పడవలకు పరిమితి లేనిచోట, చేపను తగ్గించి ఊరుకుంటుంది.

నిషేధం సంగతీ ఇలాగే పరీక్షించండి. 61 రోజులు ఆగితే ఒక పడవ ఏడాదికి పట్టే శక్తి 0.0004 నుంచి సుమారు 0.00033కు తగ్గుతుంది. ఆ రోజుల్లో ఖర్చూ అదే నిష్పత్తిలో తగ్గితే, నిల్వ మళ్లీ 3,125 దగ్గరే ఆగి, పడవలు మాత్రం 1,238కి చేరతాయి. నిషేధంతో మిగిలిన చేపను కొత్తగా వచ్చిన పడవలు పట్టుకుపోయాయన్న మాట. అప్పు వాయిదాలు, వల మరమ్మతుల వంటి ఖర్చులు నిషేధంలోనూ ఆగకపోతే పడవలు ఇంతగా పెరగవు, నిల్వ సుమారు 3,750కి లేస్తుంది. ఆ లేచిన చేపకు ధర చెల్లించింది మాత్రం వాయిదా కట్టిన కుటుంబమే. నిషేధ కాలపు భృతిని ఈ దృష్టితో చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో అది 2019లో 10 వేల రూపాయలైంది, 2025లో 20 వేలైంది. ఈ మొత్తాన్ని కుటుంబం చేతిలో పడే ఆదాయంగా రాస్తే ఒక ఫలితం, పడవ ఖర్చులో తగ్గింపుగా రాస్తే మరో ఫలితం వస్తాయి. ఏది నిజమో పది ఇళ్లలో అడిగి తెలుసుకుని రాయండి.

పడవలన్నీ ఒకేలా ఆలోచించవని తేలినప్పుడు ఎక్సెల్ చాలదు. నెట్‌లోగో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో పడవకు విడిగా బుద్ధి ఇవ్వవచ్చు. ఫైబర్ పడవకు మేము రాసుకున్న నియమం తెలుగులో ఇలా ఉంటుంది: అలల హెచ్చరిక ఉంటే ఆగు. నిన్నటి పట్టు డీజిల్ ఖర్చును దాటితే అదే చోటికి వెళ్లు. దాటకపోతే పక్క పడవ ఎటు వెళ్లిందో చూసి అటు వెళ్లు. వ్యాపారి దగ్గర బాకీ ఉంటే నష్టమైనా వెళ్లు, తెచ్చిన చేపను అతనికే అతను చెప్పిన ధరకు ఇవ్వు. ఈ చివరి వాక్యం మా నమూనా స్వభావాన్నే మార్చేసింది. బాకీ ఉన్న పడవలు చేప తగ్గినా వేట తగ్గించవు, ఎందుకంటే తగ్గించే స్వేచ్ఛ వారికి లేదు. ఆర్థికశాస్త్రపు సూత్రం ప్రకారం ఆగవలసిన పడవ ఎందుకు ఆగడం లేదో అక్కడ అర్థమైంది.

పాత కాలంతో పరీక్షించండి

2010 వరకు ఉన్న అంకెలతో నమూనాను సరిచూసి, ఆ తరువాతి ఏళ్లను దానికి చూపకుండా ఊహించమనండి. అన్ని ఏళ్ల అంకెలూ ఇచ్చి గీతను సరిగ్గా కూర్చోబెట్టడం పరీక్ష కాదు, ప్రశ్నపత్రం ముందే చూసి రాసినట్టు. హుద్‌హుద్ సమయంలో పడవల సంఖ్యను తగ్గించి నడిపితే దిగుబడి తగ్గుదల దానంతటదే రావాలి. రాకపోతే మీ నమూనాలో చేపకూ పడవకూ మధ్య ముడి వదులుగా ఉందని అర్థం.

ఒకే జవాబు ఇవ్వవద్దు

వృద్ధి రేటు 0.6 అని ఎవరూ ప్రమాణం చేయలేరు. 0.4 నుంచి 0.8 వరకు మార్చి చూడండి. 750 పడవలు ఉంటే నిలకడ పట్టు (చివరికి ఏటా మారకుండా నిలిచే పట్టు), వృద్ధి రేటు 0.4 అయితే 750 టన్నులు, 0.6 అయితే 1,500, 0.8 అయితే 1,875. అదే 500 పడవలు ఉంటే వరుసగా 1,000, 1,333, 1,500. మంచి కాలంలో 750కి బదులు 500 పడవలే ఉండటం వల్ల 375 టన్నులు పోతాయి, చెడ్డ కాలంలో 250 టన్నులు మిగులుతాయి. ఈ రెండింటిలో దేన్ని కోరుకోవాలో శాస్త్రం చెప్పదు. అది జాలరి సంఘాలూ అధికారులూ కూర్చుని తేల్చుకోవలసిన విషయం. నిజమైన పనిలో ధర, ఖర్చు, పట్టే శక్తి అన్నిటినీ ఇలాగే మార్చి వందలసార్లు నడిపి, వచ్చిన ఫలితాలను ఒక పట్టీలా గీయాలి. ఆర్ అనే ఉచిత ప్రోగ్రామింగ్ భాషలో ఇది కొన్ని పంక్తుల పని.

ఫలితాన్ని చూపే విధానం

అధికారికి ఒక పేజీ ఇవ్వండి. అందులో మూడు మార్గాలు, ఒక్కో మార్గంలో చేపకు, మర పడవకు, సంప్రదాయ పడవకు, చేపలమ్మే స్త్రీకి ఏమవుతుందో నాలుగు వరుసలు చాలు. దశాంశ బిందువు తరువాతి అంకెలు తీసేయండి, లేని కచ్చితత్వాన్ని ఉన్నట్టు అవే నమ్మిస్తాయి. ఊరిలో మాత్రం కాగితం పంచకుండా ల్యాప్‌టాప్ తీసుకెళ్లి, "పడవలు ఎన్ని చేయమంటారు?" అని వారినే అడిగి, వారు చెప్పిన అంకె వేసి నడిపించండి. తప్పు నియమాలను వారు అక్కడికక్కడే పట్టుకుంటారు.

2022 ఫిబ్రవరిలో ఐరోపా సమాఖ్య సముద్రానికి డిజిటల్ కవలను (దాన్ని అచ్చంగా అనుకరించే కంప్యూటరు నమూనాను) తయారుచేస్తామని ప్రకటించినప్పటి నుంచి, ఉపగ్రహాల నుంచి అంకెలు నేరుగా వచ్చి తనంతట తాను నడిచే నమూనాల మీద అందరికీ ఆశ పెరిగింది. ఉష్ణోగ్రత, అలల వంటివాటికి అది సాధ్యమే. బాకీ ఎంత ఉందో, కళాసీ ఈ ఏడు వెరావల్ వెళ్తాడో లేదో చెప్పే ఉపగ్రహం లేదు కాబట్టి, ఆ గడులను ఏటా మనుషులే నింపాలి. అందుకు జూన్ రెండో వారం అనువైన సమయం. జాలరులు ఇంకా ఇంటి దగ్గరే ఉంటారు, వలలు బాగు చేసుకుంటూ మాట్లాడే తీరిక ఉంటుంది. జూన్ 15 తెల్లవారితే రేవులో ఎవరూ దొరకరు.